గడ్డికి నీళ్ళు పెడతానని చెప్పాను

మా సంఘంలో నేను పదకొండేళ్ళు పెద్దగా ఉన్నాను. ఆదివారం నల్లకోటు తొడుక్కుని పాస్టరు గారి వెనకే నడిచి ముందు బెంచీలో కూర్చునేవాడిని. పెళ్ళి మాటల దగ్గరా, సమాధుల దగ్గరా జనం నన్ను పిలిచేవారు. సోమవారం ఉదయం ఏడింటికి మాత్రం నిప్పుకోళ్ళ దొడ్లోకి వెళ్ళి ఊరికే నిలబడేవాడిని. నన్ను చూసి పెట్టలు రెక్కలు దించి నేలమీద కూలబడేవి. అదే నా ఉద్యోగం.

నవ్వు వస్తే నవ్వండి. నవ్వుతారన్న భయంతోనే నేను చెయ్యకూడని పని ఒకటి చేశాను. నవ్వడం కంటే అది చాలా హీనమైన పని.

మా లోయలో నిప్పుకోడి గురించి తెలియనివాడు ఉండడు. మా తాత ఈకలు పీకాడు. మా నాన్న పొదిగే గదిలో గుడ్లు తిప్పాడు. తలకు మేజోడు తొడిగితే ఎంత పొగరు పుంజయినా గొర్రెలా నిలబడుతుందని నాకు ఆరేళ్ళప్పుడే తెలుసు. కానీ నేను చేసే పని మా తాతా చెయ్యలేదు, మా నాన్నా చెయ్యలేదు.

అది పరిశోధన ఫారం. డాక్టర్ హానెలీ అని సన్నగా, ఎండకు మాడిపోయిన మనిషి దాన్ని చూసుకునేది. నిప్పుకోళ్ళ మందలో ఒక పుంజు చుట్టూ నాలుగైదు పెట్టలు తిరుగుతాయి, అన్నీ ఒకే గుంటలో గుడ్లు పెడతాయి. ఏ పిల్ల ఎవరిదో దేవుడికే తెలియాలి. మంచి జాతి పుంజును ఎంచి దాని పిల్లలనే పెంచాలంటే ఆవులకు సూది వేసినట్టు వీటికీ వెయ్యాలి. బలవంతంగా పట్టుకుంటే పెట్ట బెదిరిపోతుంది, బెదిరితే గుడ్లు మానేస్తుంది. అందుకని డాక్టరమ్మ వేరే దారి పట్టింది.

యంత్రంలో పొదిగిన పిల్ల కళ్ళు తెరవగానే తల్లినీ తండ్రినీ చూడదు, మనిషినే చూస్తుంది. మనిషి వెంటే పరుగెడుతుంది, మనిషి దగ్గరే మేత తింటుంది. రెండేళ్ళు నిండి ఈడుకొచ్చేసరికి దానికి తోడు కావాలి. అప్పుడది సాటి పక్షి వైపు కాక మనిషి వైపు చూస్తుంది. పెట్టయితే మెడ దించి, రెక్కలు ముందుకు చాచి వాటి కొనలు వణికిస్తుంది. ముక్కు టకటకలాడిస్తుంది. చివరికి నేలమీద చతికిలబడి మెడ చాస్తుంది. నేను వెళ్ళి దాని వీపు మీద చెయ్యి ఆన్చి అదిమి పట్టేవాడిని. డాక్టరమ్మ వెనక నుంచి అర నిమిషంలో తన పని చేసుకునేది. పెట్ట లేచి, ఈకలు దులుపుకుని, నేనెవరో తెలియనట్టు గడ్డి మేయడానికి పోయేది.

అవి అందరికీ కూర్చునేవి కావు. డాక్టరమ్మను చూస్తే దూరంగా జరిగేవి. నా నడకా, నా ఆకారమూ వాటికి పట్టుబడ్డాయి. పద్నాలుగు పెట్టలు నాకోసం కూర్చునేవి. ఈ లెక్క ఏ సంఘ పెద్ద చెప్పుకోగలడు?

ఇంట్లో మీటాకు, అంటే నా భార్యకు, లూసర్న్ గడ్డికి నీళ్ళు పెట్టే పని అని చెప్పాను. సంఘంలోనూ అదే చెప్పాను. ఫారంలోనే బట్టలు మార్చుకుని, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని ఇంటికి వచ్చేవాడిని. ఆరేళ్ళు అలా గడిచింది.

పుంజుల పని గావీ ఫీలీస్ ది. ముప్ఫై దాటిన కుర్రాడు, ఎత్తరి, నవ్వితే పై పళ్ళ మధ్య సందు కనిపించేది. నన్ను ఊమ్ ఆపూల్స్ అని, అంటే ఆపూల్స్ బాబాయ్ అని పిలిచేవాడు. పాటల బృందంలో వాడి గొంతు మంద్రంగా నేలలోంచి వచ్చినట్టుండేది. వాడి దొడ్లో పెద్ద పుంజు ఒకటుంది. దాని చూపు చూసి మేమంతా మేజిస్ట్రేటు అనేవాళ్ళం. జూన్ వచ్చేసరికి దాని కాళ్ళ ముందుభాగమూ, ముక్కూ ఎర్రబారేవి. మెడ ఉబ్బించి సింహంలా మూలిగేది. గావీ దొడ్లోకి అడుగుపెట్టగానే దబ్బున మోకాళ్ళ మీద కూలబడి, నల్లటి రెక్కలు ఒకటి పైకి ఒకటి కిందికి విసురుతూ, తల ఇటూ అటూ వీపుకేసి కొట్టుకుంటూ ఊగేది. వాడు మెల్లగా వెనక్కి నడిచి, తోలు కప్పిన చెక్క బొమ్మ దగ్గర నిలబడేవాడు. పుంజు ఆ బొమ్మ ఎక్కేది. గిన్నె పట్టుకోవడం వాడి పని.

"నీకు సిగ్గనిపించదట్రా?" అని ఒకసారి అడిగాను.

"ఎందుకు ఊమ్ ఆపూల్స్? గుడ్డులోంచి బయటికి తీసి మన మొహం దానికి చూపించింది మనమే కదా. ఇప్పుడది మనల్ని ఇష్టపడితే దాని తప్పా?" అన్నాడు. దాణా బకెట్టు ఎత్తుకుంటూ, "మీరు ఇంట్లో గడ్డి పని అని చెప్పారని తెలుసులెండి. నా నోట రాదు," అన్నాడు.

వాడంటే నాకు ఇష్టమే. ఆ ఏడాది సంఘానికి పరిచారకుణ్ణి ఎంచుకోవాల్సి వస్తే గావీ పేరు ముందు పెట్టింది నేనే.

అక్టోబరులో ఒక శనివారం మధ్యాహ్నం చర్చి ఆవరణలో సంత పెట్టాం. ఆడవాళ్ళు ఒక పక్క గుమ్మడికాయ బూరెలు వేస్తున్నారు, రొట్టెలు కాలుస్తున్నారు. మగవాళ్ళం నిప్పుల చుట్టూ చేరి మాంసం తిప్పుతున్నాం. నాతోటి సంఘ పెద్ద, స్కూలు బస్సు నడిపే కెర్నీల్స్, ఫోను పట్టుకుని నవ్వలేక చస్తున్నాడు. ఫారానికి చదువు కోసం వచ్చిన పిల్లెవరో తీసిన వీడియో అది. ఫోను చేతులు మారుతోంది.

"ఒరేయ్ గావీ, ఇలా రా. ఇందులో ఉన్నది నువ్వా, నీ కవల తమ్ముడా?"

గావీ చూశాడు. "నేనే, ఊమ్ కెర్నీల్స్."

"అది నీ ముందు మోకాళ్ళేసి బతిమాలుకుంటోంది కదరా! మా ఆవిడ కోసం నేను కూడా ఇంత ఊగలేదు."

"అందుకే ఆవిడ ఇంకా మొహం మాడ్చుకునే ఉంది," అన్నాడెవరో. నవ్వులు.

గావీ కోప్పడలేదు. నిప్పుల ముందు నిలబడి, నేను మీకు చెప్పినట్టే అంతా చెప్పాడు, పొదిగే యంత్రం దగ్గర్నుంచి చెక్క బొమ్మ దాకా. వాడు విడమర్చి చెప్పేకొద్దీ జనం పొట్టలు పట్టుకున్నారు.

"పెళ్ళి ప్రకటన ఎప్పుడు చదవమంటావురా పాస్టరు గార్ని?" అన్నాడు కెర్నీల్స్. అని నా వైపు తిరిగాడు. "అన్నట్టు బ్రదర్ ఆపూల్స్, మీరూ అక్కడే కదా. మీరేం చేస్తారు?"

నా చేతిలో సగం కొరికిన బూరె ఉంది. అందరూ నన్నే చూస్తున్నారు.

"నేనా? గడ్డికి నీళ్ళు పెడతాను. ఆ దొడ్ల వైపే పోను."

అక్కడితో ఆపితే పిరికితనం అని ఊరుకోవచ్చు. కానీ ఎవరి మొహంలోనూ నా మీద అనుమానం లేదు. నవ్వు నా వైపు ఉంది. ఆ వెచ్చదనం నాకు బాగుంది. "వీడికి ఎన్నోసార్లు చెప్పాను, మనిషన్నవాడు చేసే పనేనా అది అని. పెళ్ళికొడుకు మన మాట వింటాడా?" అన్నాను.

ఆ మధ్యాహ్నం అందరికంటే పెద్ద నవ్వు నా మాటకే వచ్చింది.

గావీ నన్ను చూశాడు. ఆ ఉదయమే నా చెయ్యి పెట్ట వీపు మీద ఉండగా వాడు నా పక్కనే నిలబడ్డాడు. ఒక్క మాటంటే నా కోటూ, నా బెంచీ, నా పదకొండేళ్ళూ అక్కడే నిప్పుల్లో పడేవి. వాడు అనలేదు.

"అవును. ఊమ్ ఆపూల్స్ ది గడ్డి పనే," అన్నాడు. కంచం బల్ల మీద పెట్టి గేటు వైపు నడిచిపోయాడు.

తరవాతి గురువారం సంఘ పెద్దలం కూర్చున్నాం. పాస్టరు గారు పరిచారకుడి మాట ఎత్తారు. పిల్లలంతా ఆ వీడియో చూస్తున్నారనీ, కానుకల పళ్ళెం పట్టుకుని గావీ నడిస్తే బెంచీలన్నీ కిసుక్కుమంటాయనీ కెర్నీల్స్ అన్నాడు. పాస్టరు గారు నా వైపు చూసి, "ఈ పేరు తెచ్చింది మీరు కదా. మీరు చెప్పండి," అన్నారు.

"కుర్రాడు మంచివాడే. ఒక ఏడాది ఆగుదాం," అన్నాను. ఎంత మృదువుగా అన్నానంటే, విన్నవాళ్ళకు నేను వాడి మేలు కోరి చెప్పినట్టే ఉంటుంది.

మర్నాడు ఫారం బండిలో గావీ నా పక్కన కూర్చోలేదు. వెనక బస్తాల మీద కూర్చున్నాడు. పలకరిస్తే పలికాడు, గిన్నె అడిగితే ఇచ్చాడు. రెండు వారాల తరవాత రాలేదు. మాసెల్ బేలో చేపల ఓడరేవులో పని దొరికిందట. డాక్టరమ్మకు చెప్పాడు, నాకు చెప్పలేదు. వాడి నీలం ఓవరాల్ మేకుకే వేలాడుతూ ఉండిపోయింది.

మేజిస్ట్రేటు ఆట మానేసింది. రోజంతా కంచె వెంట గేటు దాకా వెళ్ళడం, వెనక్కి రావడం. కాళ్ళ ఎరుపు అలాగే ఉంది, మూలుగు మాత్రం వినపడలేదు. వేరే ఇద్దర్ని లోపలికి పంపితే వాళ్ళను తరిమికొట్టింది.

"మీకు పక్షుల దగ్గర చెయ్యి తిరిగింది కదా, ఒకసారి ప్రయత్నించండి," అంది డాక్టరమ్మ. "గావీ ఓవరాల్ వేసుకోండి. పక్షుల్ని అదిలించే ముళ్ళకొమ్మ మాత్రం పట్టుకెళ్ళకండి, అది చూస్తే దగ్గరకే రాదు."

వాడి ఓవరాల్ తొడుక్కుని, పొడవైన చేతులు మడుచుకున్నాను. చెమట వాసన ఇంకా వాడిదే. దొడ్లోకి నాలుగడుగులు వేశానో లేదో పుంజు నన్ను చూసి గబగబా వచ్చింది. పది గజాల్లో ఆగింది. ఆ గుడ్డంత కళ్ళతో కింది నుంచి పైదాకా చూసింది. తరవాత బుస్సుమంది.

నిప్పుకోడి ముందుకీ కిందికీ తంతుంది. ఆ గోరు తగిలితే పొట్ట చీరుకుపోతుంది. పరుగెత్తి తప్పించుకోవడం ఎవడి వల్లా కాదు. చిన్నప్పుడు నేర్పింది ఒకటే, నేలకు అతుక్కుపోవాలి. నేను బోర్లా పడి మెడ మీద చేతులు కప్పుకున్నాను. ఒక తాపు పక్కటెముకలకు తగలనే తగిలింది. పడుకున్నవాణ్ణి సరిగ్గా తన్నలేక అది నా మీద నడిచింది, మళ్ళీ నడిచింది. ఆఖరికి నా వీపు మీదే కూర్చుంది.

నూట ఇరవై కిలోలు. నా మొహం పేడలో ఉంది. ఊపిరి సగం సగం అందుతోంది. డాక్టరమ్మ దాణా బకెట్టు చూపించి పిలిచినా కదలలేదు. ఆ రోజు పిల్లలకు టీకాలు వెయ్యడానికి పక్క ఫారం నుంచి ఆడవాళ్ళు వచ్చారు. కేకలు విని కంచె దగ్గరకు చేరారు. వాళ్ళలో మీటా పినతల్లి కూతురు డోర్కీ ఉంది. తనే లోపలికి దూకి, ముళ్ళకొమ్మ ఎత్తి పుంజు మొహం మీద ఆడించి తరిమింది. నన్ను వెల్లకిలా తిప్పింది.

"ఆపూల్స్ బావా? గడ్డికి నీళ్ళు పెట్టేది ఇలాగా?"

రెండు పక్కటెముకలు చిట్లాయి. ఇంట్లో మంచం మీద కూర్చోబెట్టి మీటా నా వీపు తుడిచింది. నేనే మొదలుపెట్టాను. పెట్టల సంగతి, ఆరేళ్ళ సంగతి, అంతా చెప్పాను.

"తెలుసు," అంది.

"ఎలా?"

"ఆరేళ్ళుగా నీ బట్టలు ఉతుకుతున్నాను. బనీనులో ఈకలు దొరుకుతాయి. లూసర్న్ గడ్డికి ఈకలు మొలుస్తాయా ఏమయ్యా?"

"మరి అడగలేదేం?"

"నువ్వే చెబుతావని చూశాను. నీకు సిగ్గు, పోనీలే అనుకున్నాను. అన్నం పెట్టే పని, అందులో తప్పేముంది?" గుడ్డ పిండి మళ్ళీ తుడిచింది. "సంత రోజు నేను రొట్టెల దగ్గరే ఉన్నాను. నీ గొంతు విన్నాను. పెళ్ళికొడుకు అన్నావు. ఇంటికొచ్చి ఆ మాటయినా చెబుతావనుకున్నాను. ఆ రోజు నుంచి నీ కోటు ఇస్త్రీ చెయ్యబుద్ధి కాలేదు."

నిజమే. ఐదు వారాలుగా నా కోటు నేనే ఇస్త్రీ చేసుకుంటున్నాను. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందో నాకు తెలిసే ఉండాలి.

పుంజు నా మీద కూర్చున్న కబురు ఆదివారానికల్లా లోయంతా పాకింది. నేను గుడిలోకి వెళ్తుంటే వెనక బెంచీల్లో పిల్లలు పక్షుల్లా నాలుకలు టకటకలాడించారు. కెర్నీల్స్ నా భుజం తట్టి, "గుడ్డేమైనా పెట్టిందా బ్రదర్?" అన్నాడు. నేనూ నవ్వాను. అంత భయపడ్డ నవ్వు ఇంతేనా అనిపించింది. దీనికోసం ఒక మనిషిని ఊరు దాటించానా? ఆ బెంచీలో కూర్చుని నాకు వచ్చినంత సిగ్గు పేడలో పడుకున్నప్పుడు కూడా రాలేదు. ఈ నవ్వుతో నాకు శిక్ష అయిపోయిందని అందరూ అనుకుంటున్నారు. గావీకి నేను చేసిన ద్రోహం నాకూ, మీటాకూ, వాడికీ మాత్రమే తెలుసు.

ఆరాధన అయ్యాక పాస్టరు గారి అనుమతి అడిగి లేచి నిలబడ్డాను. నేను చేసే పని ఏమిటో చెప్పాను. సంత రోజు నిప్పుల దగ్గర ఏమన్నానో, నన్ను కాపాడుతూ గావీ ఏమన్నాడో, గురువారం పెద్దల దగ్గర వాడి పేరు ఎలా తప్పించానో చెప్పాను. ఎముకలు నొప్పెట్టి మధ్యలో రెండుసార్లు ఆగాను. ఎవరూ నవ్వలేదు. కెర్నీల్స్ టోపీ ఒళ్ళో పెట్టుకుని దాని అంచు చూస్తూ ఉండిపోయాడు. పెద్దరికం వదులుకుంటున్నానని చెప్పి, వెనక బెంచీకి వెళ్ళి కూర్చున్నాను. బయట పాస్టరు గారు, "ముందు నాతో ఒంటరిగా చెప్పాల్సింది," అన్నారు. నేను వాణ్ణి ఒంటరిగా అవమానించలేదు కదా అన్నాను.

ఎముకలు కుదుటపడ్డాక మాసెల్ బే బస్సు ఎక్కాను. ఓడరేవులో గావీ మంచుపెట్టెలు మోస్తున్నాడు. నన్ను చూసి పెట్టె దించి, చేతులు తుడుచుకుని వచ్చాడు.

"బాగున్నారా ఊమ్? ఎముకలు విరిగాయని విన్నాను."

"చిట్లాయంతే. తప్పు చేశాను గావీ. గుడిలో అందరి ముందూ చెప్పాను. వచ్చే ఏడు నీ పేరు మళ్ళీ పెడతారు. తిరిగి రా."

వాడు సముద్రం వైపు చూశాడు. "నవ్వు నాకు అలవాటే. మీరు నా పక్కన నిలబడాలని కూడా నేను అనుకోలేదు. గడ్డి పని అన్నారు, సరే. ఆ తరవాత మాట ఎందుకన్నారు?"

ఏదో ఒకటి చెప్పొచ్చు. "అందరూ నవ్వుతున్నారు కదా, ఇంకా నవ్విద్దామని," అన్నాను. అంతకంటే నిజమైన జవాబు నా దగ్గర లేదు.

వాడు తల ఊపాడు. క్షమించానని అనలేదు, క్షమించనని అనలేదు. ఇక్కడి చర్చిలో పాడుతున్నాననీ, తిరిగి వచ్చే ఉద్దేశం లేదనీ చెప్పాడు. "మేజిస్ట్రేటును కోతకు పంపేశారా?" అని అడిగాడు.

"లేదు. డాక్టరమ్మ దాన్ని పెద్ద మైదానంలోకి, మిగతా పక్షుల్లోకి వదిలింది."

"పెట్టల్ని చేరనిస్తోందా?"

"ఒక పక్కగా మేస్తోంది."

పని దగ్గర్నుంచి పిలుపు వచ్చింది, వాడు వెళ్ళాలి. లోపలికి వెళ్ళి, కాగితంలో చుట్టిన పెద్ద చేప ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "మీటా పిన్నికి ఇవ్వండి. ఆవిడకే," అన్నాడు.

ఆ సాయంత్రం మీటా చేప వేయించి రెండు కంచాలు పెట్టింది. "ఆవిడకే" అని వాడన్న మాట చెప్పాను. ఆమె రెండో కంచంలోని ముక్క తన కంచంలోకి వేసుకుంది. నాకు రొట్టే, కాఫీ పెట్టింది. తొందరపడకుండా, ముళ్ళు ఏరుకుంటూ చివరి ముక్క దాకా తింది. నేను ఎదురుగా కూర్చుని ఆమె తినడం చూశాను.